ఆంధ్రదేశపు వీథిబడి – ఆంగ్లదేశపు పేదబడి

రెండు దేశముల బాల్యమును, బాలవిద్యను పోల్చి చూచునపుడు సామాన్యముగా రెండు పొరపాట్లు దొరలుచుండును. పరదేశమున నున్నదంతయు మేలైనదనియు, మన పూర్వులకు బాలశిక్షణ మెట్టిదో తెలియదనియు తలచుట మొదటిది. మన పాతబడి సర్వగుణసంపన్నమనియు, పరులు వచ్చి దానిని చెఱచిరనియు తలచుట రెండవది. ఈ రెండు తలంపులును విచారణకు ముందే తీర్పు చెప్పుకొన్నట్టివి. ఇందు మేము చేయదలచిన పని మిక్కిలి పరిమితమైనది. పందొమ్మిదవ శతాబ్ది పూర్వభాగమున ఆంధ్రదేశపు వీథిబడిలో చదివిన బాలుని, అదే కాలమున ఆంగ్లదేశమున పేదలకై వెలసిన బడిలో చదివిన బాలుని ప్రక్కప్రక్కన నిలిపి, వారి చదువులలోని భేదములకు కారణము లెట్టివో పరిశీలింతుము. ఈ రెండు బడులనే ఎన్నుకొనుటకు హేతువు కలదు. వీనిలో రెండవది తన బోధనవిధానమున కొంత భాగమును మన దక్షిణదేశమునుండియే గ్రహించినది.

వీథిబడినిగూర్చి మనకు లభించు సమకాలిక సాక్ష్యములలో ముఖ్యమైనది బళ్ళారి కలెక్టరగు ఎ. డి. కాంబెల్ 1823వ సంవత్సరము ఆగస్టు 17వ తేదీన పంపిన నివేదిక. కాంబెల్ మన శాఖవారికి క్రొత్తవాడు కాడు. 1816లో వెలువడిన తెలుగు వ్యాకరణమును, 1821లో వెలువడిన తెలుగు నిఘంటువును ఆయన రచనలే. మదరాసు గవర్నరు సర్ థామస్ మన్రో 1822 జూన్‌లో జిల్లాలన్నిటినుండి పాఠశాలల లెక్కలు కోరగా, పెక్కురు కలెక్టర్లు అంకెలు నింపి పంపి ఊరకుండిరి. కాంబెల్ మాత్రము బడిలోనికి తొంగిచూచి, అందు జరుగు పనిని వర్ణించెను. నాటి బళ్ళారి జిల్లాలో నేటి అనంతపురము ప్రాంతమును చేరియుండెను. అనంతపురము వేఱు జిల్లా యయినది 1882లో.

ఆ నివేదిక ననుసరించి బళ్ళారి జిల్లాలో 533 పాఠశాలలు కలవు. అందు కన్నడము చెప్పునవి 235, తెలుగు చెప్పునవి 226, మరాఠీ చెప్పునవి 23, పారసీకము చెప్పునవి 21, తమిళము చెప్పునవి 4. సంస్కృతమున శాస్త్రములు చెప్పు స్థానములు 23, ఆంగ్ల పాఠశాల యొకటి. విద్యార్థుల మొత్తము 6,641. అనగా బడికి సగటున పన్నెండుగురు. ఈ పన్నెండను సంఖ్యను పాఠకులు గుర్తుంచుకొనవలెనని మా మనవి. ముందు దీనితో పని కలదు.

బాలుడు అయిదవయేట బడిలో చేరును. ఆనాడు ఉపాధ్యాయుని, తోడి బాలురను ఇంటికి పిలిచి, విఘ్నేశ్వరుని పూజించి, బియ్యములో వ్రేలితో అక్షరములు దిద్దించుట ఆచారము. మనవారు దీనినే అక్షరాభ్యాస మందురు. పిదప బడి వీథియరుగుమీదనో, ఉపాధ్యాయుని ఇంటి పంచలోనో సాగును. నేలపై ఇసుక పఱచి, అందు వ్రేలితో అక్షరమును వ్రాయుచు నేర్చుట మొదటి మెట్టు. ఐరోపావారివలె ముందు అక్షరముల పేళ్ళు వల్లించి, తరువాత నెన్నడో వ్రాత నేర్చుకొనుట ఇచ్చట లేదని కాంబెల్ ప్రత్యేకించి గుర్తించెను. చేయి వ్రాయుచుండగా, కన్ను చూచుచుండగా, నోరు పలుకును. చదువును వ్రాతయు ఒక్క పనియే. ఇసుక దాటినవాడు పలకకును, తాటియాకునకును, గంటమునకును ఎక్కును. గుణింతములు, ఒత్తులు, ఎక్కములు, లెక్కలు, ఉత్తరములు వ్రాయుట, పద్యములు వల్లించుట క్రమముగా వచ్చును.

పిల్లలను తరగతులుగా విభజించి, పై తరగతి బాలురచే క్రింది తరగతివారికి చెప్పించుట వీథిబడి యందలి మఱియొక పద్ధతి. అందఱును ఉపాధ్యాయుని కనుసన్నలలోనే యుందురు. చెప్పినవానికి తన చదువు గట్టిపడును, విన్నవానికి క్రొత్త చదువు వచ్చును. ఇందలి పొదుపును కాంబెల్ మెచ్చుకొని, ఆంగ్లదేశము దీని ననుకరించుట యుక్తమే యని వ్రాసెను. శిక్షలనుమాత్రము ఆయన దాచలేదు. ఉదయమున అందఱికంటె ముందు వచ్చిన బాలుని అరచేత సరస్వతి పేరు వ్రాయుదురు, రెండవవానికి సున్న, మూడవవానినుండి వచ్చిన వరుసకు తగినట్లు దెబ్బలు. సోమరికి గుంజిళ్ళు, అంతకు మించినవానికి కోదండము, అనగా రెండు చేతులు కట్టి దూలమునకు వ్రేలాడగట్టుట.

ఇక ఆంగ్లదేశమునకు పోవుదము. ఆ కాలమున అచ్చటి పేదబాలునికి ప్రభుత్వపు బడి లేదు. ముసలియమ్మలు తమ ఇంట నాలుగు పెన్నీలకు చెప్పు చదువు కొన్నిచోట్ల. చర్చివారు నడపు ధర్మపాఠశాల మఱికొన్నిచోట్ల. గ్లోస్టరులో రాబర్టు రైక్సు 1780లో ఆరంభించిన పిదప వ్యాపించిన ఆదివారపు బడి ఇంకను కొన్నిచోట్ల. వారమునందు ఆఱుదినములు పనిచేయు బాలుడు ఏడవ దినమున మాత్రమే చదువుకొనగలడన్న సత్యము ఆ ఆదివారపు బడి పేరులోనే యున్నది. ఈ బడులలో చదువు వేఱు, వ్రాత వేఱు. ముందు చదువు; ప్రార్థనగ్రంథమును, బైబిలును చదువగలిగినచో పేదవానికి చాలునని పెక్కుమంది భావన. వ్రాతకు కాగితము, ఈకకలము, సిరా కావలెను. అవి వ్యయముతో కూడినవి. కనుక వ్రాత కొందఱికే దక్కెను.

ఈ రెండు లోకములను కలిపినవాడు ఆండ్రూ బెల్. ఈయన 1753లో స్కాట్లండు నందలి సెయింట్ ఆండ్రూస్‌లో జన్మించి, 1787లో మదరాసు చేరి, 1789లో ఎగ్మూరునందలి అనాథ బాలుర ఆశ్రమమునకు అధ్యక్షుడయ్యెను. ఐరోపా సైనికులకు ఈ దేశమున పుట్టిన బిడ్డలకై వెలసిన ఆశ్రమమది. ఒకనాటి ఉదయమున గుఱ్ఱముమీద పోవుచు బెల్ ఒక నాటుబడి ముందు పిల్లలు ఇసుకలో వ్రేళ్ళతో వ్రాయుచుండుట చూచెను. అది తమిళుల బడి యని తలచుటయే యుక్తము. ఆనాటి ఆంగ్లేయులు మలబారు బడి యన్నది సామాన్యముగా దానినే. కాని పద్ధతి మాత్రము కాంబెల్ బళ్ళారిలో చూచిన దానినుండి భిన్నము కాదు. దక్షిణదేశమంతటికి ఉమ్మడి సొత్తు. బెల్ ఆశ్రమమునకు తిరిగివచ్చి, అట్లే చేయుడని తన ఉపాధ్యాయులను ఆజ్ఞాపింపగా వారు అది తమకు సాధ్యము కాదనిరి. అంతట ఆయన జాన్ ఫ్రిస్కెన్ అను ఎనిమిదేండ్ల బాలునికి ఆ పని యప్పగించెను. పెద్దలు అసాధ్యమన్న దానిని బాలుడు నెఱవేర్చెను. బెల్ 1796లో స్వదేశమునకు మరలి, 1797లో తన ప్రయోగమును పుస్తకముగా ప్రకటించెను. ఆంగ్లదేశమున దానికి ‘మదరాసు పద్ధతి’ యను పేరు నిలిచినది.

ఇంచుమించు అదే కాలమున, 1798లో, జోసెఫ్ లాంకాస్టరు లండనులోని సదర్కు ప్రాంతమున బడి పెట్టి, పెద్దబాలురచే చిన్నవారికి చెప్పించు విధానమును వేఱొక త్రోవను రూపొందించెను. ఇరువురి అనుచరులకు మతభేదమువలన కలహము పుట్టెను. బెల్ పక్షమున స్థాపితచర్చివారు 1811లో నేషనల్ సొసైటీని స్థాపించిరి. లాంకాస్టరు పక్షమువారి సంఘము 1814లో బ్రిటిష్ అండ్ ఫారిన్ స్కూల్ సొసైటీ యను పేరు దాల్చెను. ఈ రెండు సంఘములును ఊరూర బడులు నెలకొల్పినవి. ఆంగ్లదేశపు పేదబాలుడు ఇసుకపెట్టెముందు కూర్చుండి అక్షరము దిద్దుట ఆరంభమైనది.

ఇచ్చట మనము నిలిచి ఆలోచింపవలెను. పద్ధతి సముద్రము దాటినది. ఆ పద్ధతికి ఆధారమైన స్థితి దాటలేదు. వీథిబడిలో పన్నెండుగురు పిల్లలు. ఉపాధ్యాయునికి ప్రతి బాలుని తండ్రిపేరు తెలియును, ఇల్లు తెలియును. దసరాకు ఆ పిల్లలను వెంటబెట్టుకొని ఇంటింటికి తిరిగి, వారిచే పద్యములు చదివించి, మామూలు పుచ్చుకొనువాడు ఆయన. ఆయన బ్రతుకు ఆ యిండ్లమీద నాధారపడినది. అట్టిచోట పెద్దవాడు చిన్నవానికి చెప్పుట ఇంటిలో అన్న తమ్మునికి చెప్పుటవంటిది. లాంకాస్టరు బడిలోనో, ఒక్క పెద్దగదిలో వందలకొలది బాలురు, వారందఱికి ఒక్క ఉపాధ్యాయుడు. అచ్చట పెద్దబాలుడు అన్న కాడు, మానిటరు. వరుసలు, ఆజ్ఞలు, గుర్తుచీటీలు, బహుమానములు ఆ బడికి ప్రాణములు. తక్కువ ఖర్చుతో ఎక్కువమందికి చదువు చెప్పు యంత్రమిది యని దానిని పొగడినవారు దానిని సరిగనే వర్ణించిరి. యంత్రములు వెలసిన దేశమునకు బడియు యంత్రమువలె తోచుట వింత కాదు.

శిక్షల విషయమునను ఇట్టి పోలికయే కనబడును. లాంకాస్టరు బెత్తమునకు విరోధి. కాని నేరము చేసిన బాలుని బుట్టలోనో, గోతములోనో పెట్టి, అందఱు చూచుచుండగా గది కప్పునుండి వ్రేలాడదీయుటను ఆయన తన గ్రంథమున స్వయముగా వివరించెను. మన కోదండమునకు అది దూరపు చుట్టము. మనదేమో దేహమును బాధించునది, వారిది అభిమానమును బాధించునది యని భేదము చెప్పవచ్చును. వ్రేలాడుచున్న బాలునికి ఆ భేద మెంతవఱకు తోచెనో చెప్పుట కష్టము.

వ్రాత విషయమున మఱింత గంభీరమైన భేదము కలదు. ఇసుకలో వ్రాయుటవలన కాగితపు ఖర్చు తప్పినది. కనుక పేదలందఱికి వ్రాత నేర్పవచ్చును. కాని బెల్ 1805లో ప్రకటించిన కూర్పున పేదల బిడ్డలకు ఖరీదైన విద్య చెప్పింపవలెనని గాని, వ్రాతయు లెక్కలును నేర్పవలెనని గాని తన ఉద్దేశము కాదని స్పష్టముగా వ్రాసెను. పేదలకు చదువు వచ్చినచో తమ స్థితితో తృప్తిపడి యుండరని నాటి పాలకవర్గమునకు భయము. 1807లో విట్‌బ్రెడ్ ప్రవేశపెట్టిన గ్రామపాఠశాలల బిల్లునకు కామన్సు సభలో ఇట్టి వాదముతోనే వ్యతిరేకత వచ్చినది. ప్రభువుల సభ దానిని త్రోసివైచినది. వ్రాతనే మొదటి మెట్టుగా చేసికొన్న పద్ధతిని తెచ్చికొని, వ్రాత అందఱికి వలదనుట ఆ కాలపు వైపరీత్యము.

అట్లని మన బడిలో అందఱికి చోటున్నదని చెప్పుటకు వీలులేదు. బళ్ళారి జిల్లాలోని 6,641 మంది విద్యార్థులలో బాలికలు 60 మంది మాత్రమే. అంటరానివారని వెలివేయబడిన కులముల బిడ్డలకు వీథిబడి యరుగు ఎక్కుటకే అధికారము లేకుండెను. ఆంగ్లదేశమున తలుపు మూసినది ధనభేదము. ఇచ్చట మూసినవి కులమును స్త్రీత్వమును. అచ్చటి పేదబడిలో బాలికలు సైతము పెక్కుమంది చదివిరి. వారికి కుట్టుపని ముఖ్యపాఠముగా నుండెను. ఈ విషయమును విడిచి వీథిబడిని పొగడుట సగము లెక్క చెప్పుటయే యగును.

తెలుగు శాఖవారమగుట మనకు మిక్కిలి ముఖ్యమైన విషయము మఱియొకటి కలదు. వీథిబడి బాలుడు భారతభాగవతములనుండి పద్యములు వందలుగ అప్పగించును. కాని వాని అర్థము వానికి తెలియదు, పెక్కుచోట్ల ఉపాధ్యాయునికిని తెలియదు. కావ్యభాష వేఱు, ఇంటి మాట వేఱు; రెంటికి నడుమ వంతెన వేయువాడు లేడు. చిలుక పలుకులని కాంబెల్ చేసిన నింద కఠినమైనదే గాని అసత్యము కాదు. వ్యాకరణమును, నిఘంటువును వ్రాసినవాడు గనుక ఆ రెండు భాషల నడుమనున్న దూర మెంతయో ఆయనకు తెలియును.

అయితే ఆంగ్లబాలుని స్థితి ఇంతకంటె మేలుగా నుండెనా? నేషనల్ సొసైటీ బడిలో వాడు చర్చివారి ప్రశ్నోత్తరమాలికను కంఠస్థము చేసెను. అందలి మతపరిభాష వాని వయస్సునకు మించినది. 1862లో ప్రభుత్వము పరీక్షాఫలితములనుబట్టి బడికి ధనమిచ్చు నిబంధనను తెచ్చిన పిదప ఈ దోషము ముదిరినది. పరీక్షాధికారి వచ్చునాటికి వాచకమంతయు పిల్లలు పొల్లుపోక అప్పగించుచుండిరి. 1851 మొదలు ముప్పదియైదేండ్లు పాఠశాలల పరీక్షాధికారిగా నున్న కవి మాత్యూ ఆర్నాల్డు ఈ విధానమును తీవ్రముగా ఖండించెను. మనదేశమున గిడుగు రామమూర్తి పంతులుగారు వ్యావహారిక భాషకై పోరాడినది కూడ తొలుత బడిపంతులుగనే. పర్లాకిమిడిలో పాఠము చెప్పుచు, పుస్తకపు తెలుగు పిల్లలకు అర్థము కాకుండుటను ఆయన గమనించెను. అర్థము లేని కంఠస్థము ఒక్క దేశపు దోషము కాదు. బాలుడు గ్రహించినది కాక, అప్పగించినది కొలతయైన ప్రతిచోటను అది పుట్టుచుండును.

ఇక కాంబెల్ నివేదికలోని అత్యంత ముఖ్యమైన భాగమునకు వత్తము. బళ్ళారి జిల్లాలో పూర్వము బడులున్న గ్రామములు పెక్కింట ఇప్పుడు లేవనియు, ఉన్నచోట్ల కలవారి బిడ్డలే కొలదిగ చదువుచున్నారనియు ఆయన వ్రాసెను. కారణమేమి? దేశము క్రమముగా దరిద్రమగుట. ఆంగ్లదేశపు నూలుబట్టలు వచ్చి ఇచ్చటి నేతపనివారి జీవనమును తగ్గించినవనియు, పేదలకు జీతమిచ్చు శక్తి పోవుటయే గాక, లేతచేతులు చిన్నపనికైన అక్కఱకు వచ్చినంతనే బిడ్డలను పనికి పంపవలసివచ్చుచున్నదనియు ఆ ఆంగ్లేయాధికారియే ఒప్పుకొనెను.

ఆ బట్టలు తయారైనదెచ్చట? లాంకషైరు మిల్లులలో. అందు పనిచేసినవారెవరు? ఆంగ్లదేశపు పేదబిడ్డలుకూడ. 1833 నాటి ఫ్యాక్టరీ చట్టము తొమ్మిదేండ్లలోపు పిల్లలను నూలుమిల్లులలో పెట్టుకొనరాదనియు, పదుమూడేండ్లలోపువారిచే దినమునకు తొమ్మిది గంటలకంటె మించి పనిచేయింపరాదనియు, వారికి రెండు గంటలు చదువు చెప్పింపవలెననియు శాసించెను. శాసింపవలసివచ్చినదన్ననే అంతకు పూర్వపు స్థితి తెలియుచున్నది. 1844లో సగము దినము మిల్లు, సగము దినము బడి యను పద్ధతి వచ్చి, 1918 చట్టము ననుసరించి గాని తొలగలేదు. తెగిన పోగులు ముడివేయుచు చదువు కోల్పోయిన లాంకషైరు బాలుడును, తండ్రి మగ్గము ఆగిపోగా బడి మానిన బళ్ళారి బాలుడును ఒకరి నొకరు ఎఱుగరు. కాని వారిరువురి బాల్యమును ఒకే వ్యాపారము శాసించినది. రెండు దేశముల బాల్యము వేర్వేఱని చెప్పునపుడు ఈ సంబంధమును మఱవరాదు. ఇదియే ఈ వ్యాసమున మేము ముఖ్యముగా చెప్పదలచినది.

భేదము తరువాతి కాలమున వచ్చినది. ఆంగ్లదేశమున ప్రజలయొత్తిడియు, కలిగిన సంపదయు కలిసి ప్రభుత్వమును బాలునికి బాధ్యురాలిని చేసినవి. 1870లో ఎన్నికైన స్కూలుబోర్డులు, 1880లో పదియేండ్లవఱకు నిర్బంధవిద్య, 1891లో చాలవఱకు ఉచితవిద్య ఏర్పడినవి. మనదేశమున మన్రో 1826 మార్చి 10న వ్రాసిన నివేదికలో మదరాసు రాజధానియందు 12,498 బడులు, 1,88,650 మంది విద్యార్థులు కలరని లెక్క తేల్చి, ఇంటిచదువులనుకూడ కలిపినచో అయిదు మొదలు పదియేండ్ల బాలురలో మూడవవంతునకు చదువున్నదని అంచనా వేసెను. ఇది ఆంగ్లదేశముకంటె తక్కువయైనను, కొలదికాలము క్రిందటివఱకు ఐరోపాదేశములు పెక్కింటియందున్న దానికంటె ఎక్కువ యనియు వ్రాసెను. జిల్లా, తాలూకా బడులకై ఆయన తలపెట్టిన ఏర్పాటు ఆయన మరణానంతరము పదియేండ్లలోనే మూలబడినది. 1911లో గోఖలే ప్రవేశపెట్టిన నిర్బంధవిద్య బిల్లు మరుసటియేట ఓడిపోయినది. ఆఱు మొదలు పదునాలుగేండ్ల బాలబాలికలకు విద్యను హక్కుగా అమలుపఱచు చట్టము మనకు వచ్చినది 2009లో. ఆంగ్లదేశపు నిర్బంధవిద్యకును దీనికిని నడుమ 129 సంవత్సరములు. ఈ అంతరము రెండు జాతుల స్వభావమువలన కలిగినది కాదు. బాలుని చదువునకు వెల యెవరు చెల్లించిరి, ఎప్పటినుండి చెల్లించిరి యనుదానివలన కలిగినది.

గాంధీజీ 1931 అక్టోబరులో లండనునందు ప్రసంగించుచు, ఆంగ్లేయుల పాలనలో భారతదేశమున నిరక్షరాస్యత పెరిగినదని చెప్పగా, సర్ ఫిలిప్ హార్టాగ్ దానిని సవాలు చేసెను. ఆ వాదమున ఉభయపక్షములవారును ఈ మదరాసు లెక్కలకే రావలసివచ్చినది. ధర్మపాల్ 1983లో ఆ నివేదికలను ఒక్కచోట కూర్చి ప్రకటించుటచే నేడు పరిశోధక విద్యార్థులకు అవి సులభముగా లభించుచున్నవి. వానిని చదువువారికి మేము చేయు విజ్ఞప్తి యొక్కటియే. కాంబెల్ మెచ్చుకొన్న వాక్యమును మాత్రమే తీసికొనుట న్యాయము కాదు, నిందించిన వాక్యమును మాత్రమే తీసికొనుటయు న్యాయము కాదు. ఇసుకలో దిద్దిన అక్షరమును, కోదండమును, అరువదిమంది బాలికలను, ఆగిన మగ్గమును కలిపి చూడవలెను.

ఉపాధ్యాయులకు ఇందు వేఱొక ప్రయోజనము కలదు. ఒక దేశపు బోధనపద్ధతి మేలైనదని విని మన తరగతికి తెచ్చికొనునపుడు, ఆ పద్ధతి ఎంతమంది పిల్లలమధ్య, ఎట్టి ఉపాధ్యాయుని చేత, ఎవరి వ్యయముతో నడచుచున్నదో విచారింపవలెను. బెల్ ఇసుకను, మానిటరును తీసికొనిపోయెను. పన్నెండుగురు పిల్లల అరుగును తీసికొనిపోవుట ఆయనకు సాధ్యము కాలేదు. నేడు మనము పరదేశమునుండి తెచ్చికొను పద్ధతులలో మనకు అందుచున్నది ఇసుకయో, అరుగో పరీక్షించుకొనుట మంచిది.